ఫైళ్ళు కాపీ చేస్తే తేదీలన్నీ ఈరోజువి అయిపోవాలా? డిఫాల్ట్ ఎలా ఉండాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అక్కయ్యపాలెంలో మీ నాన్నగారిది స్ట్రక్చరల్ డ్రాయింగ్స్ ఆఫీసు. పాత విండోస్ కంప్యూటర్‌లో ఏళ్ళ తరబడి పోగైన డ్రాయింగులు, సైట్ ఫొటోలు, బిల్లుల ఎక్సెల్ షీట్లు ఉన్నాయి. తెలిసిన కుర్రాడొకతను పాత హార్డ్ డిస్క్ ఊడదీసి, తన లినక్స్ మెషీన్‌కి తగిలించి, అంతా కొత్త నాస్ బాక్సులోకి (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) ఎక్కించాడు. ఫైళ్ళన్నీ వచ్చాయి, బాగానే తెరుచుకుంటున్నాయి. కానీ ప్రతి ఫైలుకీ మొన్నటి ఆదివారం తేదీయే ఉంది. ఒక అపార్ట్‌మెంట్ ఫోల్డర్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ కరెక్టెడ్’ అని మూడు డ్రాయింగులు ఉంటే, వాటిలో ఆఖరిది ఏదో గీసినవాళ్ళకే తెలియడం లేదు. “పాత తేదీ ఉంచాలని సాఫ్ట్‌వేర్‌కి ఆ మాత్రం తెలియదా? ఇది బగ్గా, కుర్రాడి తప్పా?” అని అడిగారు.

ముందు పని మాట: పాత డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యకండి, ఎవరికీ ఇవ్వకండి. అది బతికి ఉంటే మీ తేదీలు వెనక్కి వస్తాయి. ఎలాగో కింద రాశాను.

ఇక ప్రశ్నకి జవాబు. ఇది బగ్ కాదు. ఆ కుర్రాడు వాడిన కమాండ్ దాని పద్ధతి ప్రకారమే పనిచేసింది. అయినా మీ కోపం న్యాయమైనదే. మామూలు మనుషులు తమ ఫైళ్ళు మార్చుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా, అడక్కుండానే పాత మోడిఫైడ్ తేదీని ఉంచాలి. తేదీ కొత్తది కావాలనుకునేవాళ్ళే ఆ సెట్టింగ్ వెతుక్కోవాలి. విశాఖలో ఆఫీసులకి, స్టూడియోలకి, చిన్న కంపెనీలకి డేటా మార్చిపెట్టడం, బ్యాకప్‌లు చూసుకోవడం నా వృత్తి. మీలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

మీ దగ్గర జరిగింది బహుశా ఇది. లినక్స్‌లో ‘సీపీ’ అనే కాపీ కమాండ్ ఉంది. దాన్ని ఊరికే వాడితే కొత్త ఫైల్ తయారుచేసి, అందులోకి పాతదాని బైట్లు రాస్తుంది. రాసిన ప్రతిసారీ సిస్టమ్ ఆ క్షణపు తేదీ వేస్తుంది. పాత తేదీ కావాలంటే రాయడం అయ్యాక దాన్ని విడిగా తిరిగి పెట్టాలి. కమాండ్ పక్కన ‘మైనస్ పీ’ గానీ ‘మైనస్ ఏ’ గానీ ఆప్షన్‌గా ఇస్తే సీపీ ఆ పని కూడా చేస్తుంది. ఇవ్వకపోతే చెయ్యదు. అదే లినక్స్‌లో ఫైల్‌ని కాపీ కాకుండా ‘ఎంవీ’తో ఇంకో డిస్క్‌కి జరిపితే పాత తేదీ నిలుస్తుంది. నిజానికి వేరే డిస్క్‌కి జరపడం అంటే లోపల జరిగేది కాపీ చేసి పాతది చెరపడమే. ఒకే మెషీన్‌లో, ఒకే రకం పనికి, రెండు కమాండ్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. చూసేవాడికి ఇది ఎలా అర్థమవుతుంది?

విండోస్ కథ వేరు. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసి పేస్ట్ చేస్తే మోడిఫైడ్ తేదీ పాతదే ఉంటుంది, క్రియేటెడ్ తేదీ మాత్రం కాపీ చేసిన రోజుది అవుతుంది. డాస్ రోజుల నుంచీ కాపీ కమాండ్ పాత తేదీనే ఉంచుతోంది. అప్పట్లో ఒక ఫైల్‌కి ఇవాళ్టి తేదీ వెయ్యాలంటేనే, ఫైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు, రెండు కామాలు పెట్టే చిట్కా ఒకటి వాడేవాళ్ళు. మ్యాక్‌లో ఫైండర్ కూడా మోడిఫైడ్ తేదీని కాపాడుతుంది. అంటే మీ నాన్నగారు ఇన్నేళ్ళూ విండోస్‌లో పెన్‌డ్రైవ్‌ల మీద అటూ ఇటూ తిప్పినా తేదీలు చెక్కుచెదరలేదు. అందుకే ఇప్పుడు ఇలా జరుగుతుందని ఆయనకి అనుమానం కూడా రాలేదు.

చాలామంది నన్ను కంగారుగా అడిగేది ఇంకొకటి ఉంది: “సార్, ఫైల్ 2016లో మార్చినట్టు ఉంది, 2023లో తయారైనట్టు ఉంది, ఇదెలా?” కంగారు అక్కర్లేదు. ఆ ఫైల్ 2023లో ఈ డిస్క్ మీదకి కాపీ అయి వచ్చిందని అర్థం. లోపలున్న విషయం ఆఖరిసారి మారింది 2016లో. నా లెక్కలో సరైన పద్ధతి ఇదే. రాత ఎప్పటిదో ఒక గడిలో ఉండాలి, ఈ కాపీ ఇక్కడికి ఎప్పుడు వచ్చిందో ఇంకో గడిలో ఉండాలి. పాత దస్తావేజుకి జెరాక్స్ తీయిస్తే దాని మీదున్న రిజిస్ట్రేషన్ తేదీ మారిపోదు కదా. జెరాక్స్ ఎప్పుడు తీశారో కావాలంటే అటెస్టేషన్ ముద్ర కింద విడిగా ఉంటుంది.

డిఫాల్ట్ ఇలాగే ఉండాలనడానికి నాకున్న అసలు కారణం ఇంకొకటి. ఉంచిన తేదీని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చు. పోయిన తేదీని తెచ్చుకోలేం. పాత తేదీలతో వచ్చిన ఫైళ్ళన్నిటికీ ఇవాళ్టి తేదీ వెయ్యాలంటే ‘టచ్’ అనే ఒక్క కమాండ్ చాలు, సెకన్లలో అయిపోతుంది. అటు నుంచి ఇటు రావాలంటే పాత డిస్క్ ఉండాలి. అది స్క్రాప్‌కి వెళ్ళిపోతే దారి మూసుకుపోయినట్టే. ఒక వైపు నష్టం శాశ్వతం, రెండో వైపు నష్టం క్షణికం అయినప్పుడు, ఆ సెట్టింగ్ ఉందని కూడా తెలియని మనిషిని శాశ్వత నష్టం వైపు నిలబెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. సెట్టింగులు తెలిసినవాడు ఏ డిఫాల్ట్ ఉన్నా బతికేస్తాడు. డిఫాల్ట్ మీద ఆధారపడేది తెలియనివాడే.

మరి లినక్స్ వాళ్ళకి ఇది తట్టలేదా అంటే, తట్టింది. వాళ్ళకి బలమైన కారణం ఉంది. దాన్ని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ‘మేక్’ అనే పనిముట్టు తెలిసే ఉంటుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ప్రోగ్రాములో ఏ ముక్కని మళ్ళీ కంపైల్ చెయ్యాలో, అంటే మనిషి రాసిన సోర్స్ నుంచి మెషీన్ నడిపే ఆబ్జెక్ట్‌గా మార్చాలో, అది తేదీలు చూసే తేలుస్తుంది. సోర్స్ ఫైల్ కంటే దాన్నుంచి తయారైన ఆబ్జెక్ట్ ఫైల్ కొత్తదైతే, చెయ్యడానికి ఏమీ లేదనుకుని వదిలేస్తుంది. రుషికొండ వైపు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను చూసిన సంగతి చెప్తాను. సోమవారం ఉదయం ఒక సోర్స్ ఫైల్ మార్చి కంపైల్ చేశారు. ఆ మార్పు తప్పని తేలింది. బ్యాకప్ నుంచి అంతకు ముందు బుధవారం నాటి ఫైల్‌ని, పాత తేదీతో సహా, తెచ్చి పైన పెట్టారు. మళ్ళీ మేక్ నడిపారు. సోర్స్ తేదీ బుధవారం, ఆబ్జెక్ట్ తేదీ సోమవారం. ఆబ్జెక్టే కొత్తది కాబట్టి మేక్ ఏమీ చెయ్యలేదు. స్క్రీన్ మీద కనిపించే సోర్స్ సరైనది, నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం తప్పుది. టీమంతా సాయంత్రం వరకు టెన్షన్ పడ్డారు, చదివిన లైన్లే మళ్ళీ మళ్ళీ చదివారు. అక్కడ కాపీ కొత్త తేదీ వేసి ఉంటే మేక్ వెంటనే మళ్ళీ కంపైల్ చేసేది, ఇదంతా ఉండేది కాదు. ప్రోగ్రామర్లు కోడ్ పాత వెర్షన్లు దాచుకునే గిట్ కూడా ఫైళ్ళు బయటికి తీసేటప్పుడు పాత తేదీలు పెట్టకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి సీపీ డిఫాల్ట్‌ని ఇప్పుడు మార్చమని నేను అనను. దాని ప్రవర్తన యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం రాసిన పోజిక్స్ ప్రమాణంలోనే ఉంది. లెక్కలేనన్ని స్క్రిప్టులు దాన్ని నమ్ముకుని నడుస్తున్నాయి. ఇవాళ మారిస్తే రేపు అవన్నీ చడీచప్పుడు లేకుండా తప్పు పనిచేస్తాయి. నేను అడుగుతున్నది ఫైల్ మేనేజర్ల గురించి, ఫోన్ యాప్‌ల గురించి, నాస్ బాక్సుల వెబ్ పేజీల గురించి, కొత్త ఫోన్‌కి డేటా మార్చే సాఫ్ట్‌వేర్ల గురించి. వీటిని వాడేది ప్రోగ్రామ్ కంపైల్ చేసేవాళ్ళు కాదు, పెళ్ళి ఫొటోలూ డ్రాయింగులూ దాచుకునేవాళ్ళు. కొత్తగా ఇలాంటివి రాసే పిల్లలకి ఒక సూచన: పైథాన్‌లో షుటిల్ మాడ్యూల్ వాడుతుంటే ‘కాపీ’ అన్న ఫంక్షన్ తేదీని వదిలేస్తుంది, ‘కాపీ2’ ఉంచుతుంది. తేలిగ్గా చేతికొచ్చే పేరు ఎంచుకుంటే మీ యాప్ వాడేవాళ్ళందరి తేదీలూ పోతాయి. ఆ అంకె మర్చిపోకండి.

పాత తేదీ ఉంచడం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, అది మీకూ తగలొచ్చు. ద్వారకానగర్‌లో అకౌంట్స్ చూసే ఒక ఆఫీసులో రాత్రిపూట బ్యాకప్ స్క్రిప్ట్ నడిచేది. నిన్నటి నుంచి మారిన ఫైళ్ళు మాత్రమే తీసుకోమని దానికి చెప్పారు. క్లయింట్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి పోయిన ఏడాది ఫైళ్ళు సర్వర్‌లోకి ఎక్కించారు, విండోస్ కాబట్టి పాత తేదీలతోనే వచ్చాయి. స్క్రిప్ట్ కంటికి అవి ఏడాది కిందటి ఫైళ్ళు, ముట్టుకోలేదు. బ్యాకప్ రిపోర్టు రోజూ పచ్చగానే ఉంది, ఆ ఫైళ్ళు మాత్రం అందులో లేవు. దీన్ని చూపించి “అందుకే కొత్త తేదీ వెయ్యాలి” అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తప్పు తేదీది కాదు, మోడిఫైడ్ తేదీ ఒక్కటే చూసే బ్యాకప్‌ది. ‘ఆర్‌సింక్’ లాంటి కాపీ ప్రోగ్రాములు అటువైపు ఏముందో, ఇటువైపు ఏముందో పోల్చి చూస్తాయి కాబట్టి ఈ ఫైళ్ళని వదలవు. లినక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ‘సీటైమ్’ అని ఇంకో తేదీ ఉంటుంది. ఫైల్ ఈ డిస్క్ మీద పడ్డప్పుడు, తర్వాత దానికి ఏ మార్పు జరిగినప్పుడైనా, ఆ క్షణం అందులో నమోదవుతుంది, టచ్‌తో దాన్ని వెనక్కి జరపలేం. మీ నాస్‌లో బ్యాకప్ పెట్టేటప్పుడు అది దేన్ని చూసి ఎంచుకుంటోందో తప్పకుండా అడగండి.

ఆర్‌సింక్ మాట వచ్చింది కాబట్టి: దీనికి కూడా ‘మైనస్ టీ’ గానీ, టీని కలుపుకునే ‘మైనస్ ఏ’ గానీ ఇవ్వకపోతే తేదీలు రావు. పైగా మర్నాడు మళ్ళీ నడిపితే, తేదీలు కలవట్లేదు కాబట్టి ఫైళ్ళన్నీ మారాయనుకుని మొదటి నుంచీ మొదలుపెడుతుంది.

ఇప్పుడు మీ సంగతి. పాత డిస్క్ ఉంటే అంతా మళ్ళీ కాపీ చెయ్యనక్కర్లేదు. ఈ వరుసలో చేయించండి. ముందుగా, ఆ ఆదివారం తర్వాత నాస్‌లో మీరు తెరిచి మార్చిన ఫైళ్ళని వేరే ఫోల్డర్‌లోకి తీసి పక్కన పెట్టండి. ఇది చాలా ముఖ్యం, లేకపోతే వాటి మీద పాతవి పడతాయి. తర్వాత పాత డిస్క్‌ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా, అంటే రీడ్ ఓన్లీగా, మౌంట్ చేయించండి. అప్పుడు పాత డిస్క్ నుంచి నాస్‌కి ఆర్‌సింక్ ‘మైనస్ ఆర్‌టీ’తో, ‘సైజ్ ఓన్లీ’, ‘ఎగ్జిస్టింగ్’ అనే రెండు ఆప్షన్లు కలిపి నడపాలి. సైజు ఒకటే ఉన్న ఫైళ్ళలోని విషయాన్ని అది ముట్టుకోదు, తేదీ ఒక్కటే సరిచేస్తుంది. ఫోల్డర్ల తేదీలు కూడా సర్దుకుంటాయి. నిజంగా నడిపే ముందు ‘మైనస్ ఎన్’, ‘మైనస్ ఐ’ రెండూ ఇచ్చి ఉత్తుత్తి పరుగు చేయించి, ఏం చెయ్యబోతోందో ఆ జాబితా చూడండి. గిగాబైట్లు కదలవు కాబట్టి కాపీకి పట్టినంత సేపు పట్టదు.

పాత డిస్క్ పోతే ఫైళ్ళ లోపల వెతుక్కోవాలి. డ్రాయింగుల విషయంలో మీరు అదృష్టవంతులు. ఆటోక్యాడ్ ప్రతి డ్రాయింగ్ లోపల దాని సొంత లెక్క రాసుకుంటుంది. ‘ఫైనల్ కరెక్టెడ్’ తెరవండి, కమాండ్ లైన్‌లో ‘టైమ్’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. డ్రాయింగ్ ఎప్పుడు మొదలైంది, ఆఖరిసారి ఎప్పుడు సేవ్ అయింది, దాని మీద మొత్తం ఎంతసేపు పనిచేశారు, మూడూ చూపిస్తుంది. మిగతా రెండిటికీ అలాగే చూసి కాగితం మీద రాసుకోండి. ఒకదాన్నుంచి ఇంకొకటి సేవ్ యాజ్ చేసుకుంటూ వచ్చి ఉంటే, పనిచేసిన మొత్తం సమయం దేనిలో ఎక్కువుందో మామూలుగా అదే తర్వాతది. మూసేటప్పుడు సేవ్ చెయ్యమంటారా అని అడిగితే ‘నో’ అనే చెప్పండి. అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టారో, ఆ ఆఖరి సేవ్ తేదీ కూడా ఇవాళ్టిది అయిపోతుంది. అందుకే నేనైతే నాస్‌లోని ఫైల్ కాకుండా దాని కాపీ ఒకటి తీసి, ఆ కాపీనే తెరుస్తాను.

ఎక్సెల్, వర్డ్ కొత్త ఫార్మాట్ ఫైళ్ళలో కూడా ఆఖరిసారి సేవ్ చేసిన తేదీ లోపల ఉంటుంది, ఫైల్ మెనూలో ఇన్ఫో దగ్గర కనిపిస్తుంది. కెమెరాతో గానీ ఫోన్‌తో గానీ తీసిన ఫొటోలకి ఎగ్జిఫ్ ఉంటుంది, అంటే తీసిన తేదీ లాంటి వివరాలు ఫొటో ఫైల్ లోపలే రాసి ఉంటాయి. ‘ఎగ్జిఫ్‌టూల్’ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫొటో తీసిన తేదీనే ఫైల్ తేదీగా మొత్తం ఫోల్డర్‌కి ఒకేసారి పెట్టొచ్చు. చిక్కల్లా సైట్ సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పంపిన ఫొటోలతోనే. వాట్సాప్ ఫొటోగా పంపితే ఎగ్జిఫ్ తీసేస్తుంది. కానీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో దిగిన వాటి పేరులోనే తేదీ ఉంటుంది: ఐఎంజీ తర్వాత 20230614 అని ఉంటే 2023 జూన్ 14 అన్నమాట. తీసిన రోజు కాకపోయినా, వాట్సాప్‌లో వచ్చిన రోజైనా తెలుస్తుంది. ఆ పేర్లు మాత్రం మార్చకండి. ఇకమీదట సూపర్‌వైజర్‌ని ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపమనండి, ఎగ్జిఫ్ ఉంటుంది.

పాత తేదీ ఉంచినా అది నూరుపాళ్ళూ నిజం కాకపోవచ్చు, అదీ తెలుసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లూ కెమెరా కార్డులూ చాలావాటిలో ఉండే ఫ్యాట్ ఫార్మాట్ మోడిఫైడ్ సమయాన్ని రెండేసి సెకన్ల లెక్కన రాస్తుంది. అది పెద్ద సమస్య కాదు. అసలు సమస్య ఏమిటంటే అందులో లోకల్ టైమ్ ఉంటుంది గానీ ఏ దేశపు టైమో ఉండదు. విండోస్ డిస్కుల ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ అయితే యూటీసీలో, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాస్తుంది. జగదాంబ జంక్షన్ దగ్గర ఒక స్టూడియో వాళ్ళ కార్డుని, టైమ్‌జోన్ యూటీసీగా ఉన్న సర్వర్‌లో పెట్టి కాపీ చేస్తే ప్రతి ఫొటో ఐదున్నర గంటలు ముందుకి జరిగింది. రాత్రి 8:40 ముహూర్తం ఫొటోలు మర్నాడు తెల్లవారుజామున 2:10కి వెళ్ళిపోయాయి. రెండో కెమెరా కార్డుని మామూలు కంప్యూటర్‌లో దింపారు, అవి సరిగ్గా ఉన్నాయి. రెండూ కలిపి తేదీ ప్రకారం పేర్చితే జీలకర్ర బెల్లం కంటే ముందు తలంబ్రాలు వచ్చాయి. అయినా అక్కడ తేదీలు ఉన్నాయి కాబట్టే, ఐదున్నర గంటలు వెనక్కి జరిపితే చాలు, మొత్తం సర్దుకుంది. కెమెరా గడియారం అసలు తప్పున్నా అంతే. ఫొటోల మధ్య వరుస మిగిలి ఉంటుంది, తేడా ఎంతో తెలిస్తే దిద్దుకోవచ్చు. తేదీలన్నీ ఒకే ఆదివారం అయిపోతే ఆ వరుస కూడా ఉండదు.

మీ ప్రశ్న చివర బిల్డర్‌తో గొడవ అవుతుందేమోనని, ఏ రివిజన్ ఎప్పుడిచ్చామో చూపించాల్సి వస్తుందేమోనని రాశారు. దానికి ఫైల్ తేదీని నమ్ముకోకండి. ఎవరైనా టచ్‌తో ఏ తేదీ కావాలంటే అది వేసుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో హ్యాష్ విలువ రాయాలని ఉంది. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య. ఆ లెక్క ఫైల్ లోపలి విషయం మీదే, తేదీ మారినా అది మారదు. అంటే మీ డ్రాయింగుల హ్యాష్‌లు ఆదివారం కాపీ వల్ల ఏమీ చెడలేదు. బిల్డర్‌కి మెయిల్‌లో పంపిన రివిజన్లు ఉంటే ఆ మెయిళ్ళు జాగ్రత్త చెయ్యండి. పంపిన తేదీ, అటాచ్‌మెంట్ రెండూ ఒకేచోట దొరుకుతాయి. మిగతాది వకీలుగారిని అడగండి.

మళ్ళీ ఎప్పుడైనా ఇలా మార్చాల్సి వస్తే, అంతా కాపీ చేసే ముందు ఒక్క పాత ఫైల్ కాపీ చేసి ప్రాపర్టీస్‌లో మోడిఫైడ్ తేదీ చూడండి. నిమిషం పని. విండోస్ నుంచి నాస్‌కి నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకుని ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేస్తే మామూలుగా తేదీలు నిలుస్తాయి. పెద్ద మొత్తం అయితే విండోస్‌లోనే ఉండే ‘రోబోకాపీ’ కమాండ్ మేలు. ఫైళ్ళ తేదీలు అది డిఫాల్ట్‌గానే ఉంచుతుంది. ఫోల్డర్ల తేదీలు కూడా కావాలంటే ‘డీకాపీ’ స్విచ్ ఇచ్చి దాని పక్కన డీ, ఏ, టీ అనే మూడు అక్షరాలూ రాయాలి. ఫోన్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించేటప్పుడు తేదీలు పోవడం నేను తరచూ చూస్తుంటాను, కాబట్టి దాచుకోవాల్సినవి ఆ దారిలో తిప్పకండి.

ఆ కుర్రాడిని ఏమీ అనకండి. ఫైళ్ళన్నీ చెడకుండా తెచ్చాడు, పైన రాసిన ఆర్‌సింక్ పని కూడా అతనితోనే చేయించొచ్చు. పాత డిస్క్ ఉందో లేదో, ఆదివారం తర్వాత ఎడిట్ చేసిన ఫైళ్ళు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి పూర్తి కమాండ్ రాసిస్తాను, అతనికి చూపిస్తే సరిపోతుంది.